భీమవరం రొయ్యల కంపెనీలో మీ వాటా 10 నుంచి 8 శాతానికి తగ్గితే

కోల్డ్ స్టోరేజీ కట్టడానికి మీ కంపెనీ 2,500 కొత్త షేర్లు ఇస్తోందని, నాన్నగారు ఇచ్చిన 1,000 షేర్లు ఏమవుతాయోనని అడిగారు. టెన్షన్ పడకండి, అవి ఎక్కడికీ పోవు. మొత్తం 10,000 కాస్తా 12,500 అవుతాయి కాబట్టి మీ వాటా, ఓటు బలం 8 శాతానికి దిగుతాయి.

అసలు చూడాల్సింది ధరండీ. కంపెనీ విలువ కోటి అనుకుందాం. కొత్త షేరు 1,000కి అమ్మితే 25 లక్షలు లోపలికొస్తాయి. కోటీ పాతిక లక్షల్లో మీ 8 శాతం అప్పుడూ 10 లక్షలే. అదే 600కి బయటివాళ్లకి ఇచ్చేస్తే 15 లక్షలే వస్తాయి, కోటీ పదిహేను లక్షల్లో మీది 9.2 లక్షలే. గట్టు తెగిన చెరువులా 80 వేలు జారిపోతాయి.

2013 కంపెనీల చట్టం 62వ సెక్షన్ ప్రకారం మామూలుగా ముందు పాత వాటాదారులనే అడగాలి. బయటివాళ్లకైతే ప్రత్యేక తీర్మానం (పోలైన ఓట్లలో కనీసం ముప్పావు వంతు మద్దతు), రిజిస్టర్డ్ వాల్యుయర్ (షేరు విలువ లెక్కగట్టే గుర్తింపు పొందిన నిపుణుడు) రిపోర్టు కావాలి. ఆ రిపోర్టు చదివాకే ఓటెయ్యండి.