జెండా రంగు చూసి ఇల్లు తీసుకోకమ్మా

అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. బెంగళూరులో ఏ ఏరియా ఏ పార్టీది, మనవాళ్లు ఎక్కడ ఎక్కువ, బతకడానికి ఏది బాగుంటుంది అని అడిగావు. మొదటి రెండూ మా అల్లుడుగారి ప్రశ్నలని నాకు తెలుసులే. తప్పేం లేదు, కొత్త ఊళ్లో కాపురం పెట్టేవాళ్లకు ఆ బెంగ ఉంటుంది. బ్యాంకు ఉద్యోగం పుణ్యమా అని ఈ ఊరి నాలుగు మూలలా అద్దెకున్నదాన్ని కాబట్టి చెబుతున్నా, ఇక్కడ ఎమ్మెల్యే జెండాకీ మీ ఇంటి కుళాయికీ సంబంధం చాలా తక్కువ.

జయనగర్ సంగతే చూడు. అక్కడ అసెంబ్లీ సీటు 2013లో బీజేపీ, 2018లో కాంగ్రెస్, 2023లో మళ్లీ బీజేపీ, అదీ రీకౌంటింగ్ అయ్యాక 16 ఓట్లతో. సీటు ఇన్ని చేతులు మారినా పార్కులు, చెట్లు, నడవడానికి దారి అలాగే ఉన్నాయి. 1948లో పునాది వేసి, పద్ధతిగా ప్లాన్ గీసి కట్టిన పేట అది. మల్లేశ్వరం ఇంకా పాతది, 1898 ప్లేగు తర్వాత వెలిసింది. అక్కడ 2008 నుంచీ బీజేపీయే. మహదేవపురలోనూ 2008 నుంచీ బీజేపీయే. మరి రెండుచోట్లా బతుకు ఒకటేనా? ఐటీ కంపెనీలతో నిండిన మహదేవపుర వైపే కదా, 2022 సెప్టెంబరు వానలకు కోట్ల విల్లాల వాళ్లు ట్రాక్టర్లెక్కి బయటపడింది! అటు కాంగ్రెస్ సంగతీ అంతే. బీటీఎం లేఅవుట్ సీటు ఏర్పడినప్పటి నుంచీ రామలింగారెడ్డిగారిదే. కోరమంగల మూడో బ్లాకు బంగళాలు అందులోవే, గట్టి వాన పడితే నీళ్లు నిలిచే ఈజీపుర సందులూ అందులోవే.

తేడా అంతా పేట ఎప్పుడు, ఎలా పుట్టిందన్న దాంట్లో ఉంది. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలనూ 110 పల్లెలనూ తెచ్చి నగరంలో కలిపారు. ఆ పల్లెల్లో ముందు అపార్ట్‌మెంట్లు లేచాయి, తర్వాత రోడ్లు వచ్చాయి, పైపులు ఆఖరుకు. వాళ్ల కోసమని కట్టిన కావేరీ మంచినీళ్ల పథకం ఐదో దశ 2024 అక్టోబరులో గానీ మొదలు కాలేదు. ఆ ఏడు ఎండాకాలం బోర్లు ఎండిపోయి వైట్‌ఫీల్డ్ వైపు జనం ట్యాంకర్ల కోసం పడ్డ అవస్థ టీవీలో నువ్వూ చూసే ఉంటావు. ఇప్పటికీ మెయిన్ రోడ్డుకి పైపు వచ్చిందంటే ఇంట్లోకి నీళ్లు వచ్చాయని అర్థం కాదు. బిల్డరు కనెక్షన్ తీసుకున్నాడా లేదా అడగాలి.

కాబట్టి ఇల్లు చూడ్డానికి ఆదివారం సాయంత్రం తయారై వెళ్లొద్దు. మామూలు రోజు పొద్దున ఆరింటికి వెళ్లు. గేటు దగ్గర ట్యాంకరు నిలబడి ఉంటే నీకు సగం సంగతి తెలిసినట్టే. వంటింటి కుళాయి మూతి వేలితో రుద్ది చూడు, తెల్లగా పొక్కు కట్టి ఉంటే అది బోరు నీళ్లు, నీ జుట్టూ వాషింగ్ మెషీనూ రెండూ పోతాయి. సెల్లార్‌లోకి దిగి కరెంటు మీటర్లు ఏ ఎత్తులో ఉన్నాయో చూడు. తలెత్తి చూసే ఎత్తుకు మార్చినట్టు ఉంటే ఎప్పుడో వరద వచ్చి పోయి ఉండొచ్చు, అడిగి చూడు. తర్వాత వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని పలకరించు. ఓనరు అబద్ధం ఆడకపోవచ్చు, కానీ మే నెల గురించి తనంతట తాను ఎత్తడు. ఇస్త్రీ ఆయన అన్నీ చెబుతాడు, అడక్కుండానే పక్కింటి సంగతులతో సహా.

అలాగని మనుషుల మొగ్గు అసలు చూడొద్దని కాదు. పార్టీ సంగతి వదిలేసి, తమవాళ్లు కానివాళ్లతో ఎలా ఉంటారో చూడు. బసవనగుడి, మల్లేశ్వరం వైపు కొన్ని టు-లెట్ బోర్డుల మీద శాకాహారులకే అని రాసి ఉంటుంది. ముఖం మీద చెప్పేశారు, మనం కోడికూర మానలేం, దండం పెట్టి వచ్చేయడమే. 'మీరేమోళ్లు' అని ఆరా తీసే ఓనర్లూ ఉన్నారు, వాళ్లలో మన తెలుగువాళ్లేం తక్కువ కాదు. ఇంకో రకం ఉన్నారు. మనల్ని మెప్పించడానికి, 'ముస్లింలకు మాత్రం ఇవ్వమండీ' అంటారు. అలాంటి చోట అద్దె తక్కువైనా దిగొద్దు. నీ స్నేహితుల్లో ఎవరు మెట్లెక్కాలో రేపు వాళ్లే తేలుస్తారు.

ఇక మనవాళ్ల లెక్క. మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఎటు తిరిగినా తెలుగే వినిపిస్తుంది, ఆంధ్రా మెస్సులకు కొదవ లేదు. బెళ్లందూరు వైపు పాత ఊరి కుటుంబాల్లోనూ తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. కానీ వాళ్లు ఇక్కడివాళ్లు, వాళ్ల రాజకీయం ఇక్కడిది. మన సైకిలు, ఫ్యాను, గ్లాసు గొడవ వాళ్లకు పట్టదు. ఆ గొడవంతా మనతోపాటు బస్సెక్కి వచ్చింది. 2023 సెప్టెంబరులో చంద్రబాబుగారి అరెస్టప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పండక్కి పులిహోర పంచుకున్నవాళ్లే ఒకరినొకరు బ్లాక్ చేసుకున్నారు. ఆ తర్వాత మోటారు కాలిపోతే రిపేరుకి డబ్బులు వేసుకోవడానికి వారం పట్టింది, ఫలానా వాళ్లు వేస్తే మేం వేయమని! అల్లుడుగారికి గట్టిగా చెప్పు, అభిమానం ఎంతైనా ఉండనీ, అసోసియేషన్ గ్రూపులో మాత్రం జెండా బొమ్మ పెట్టొద్దని.

ఓటు కూడా ఇక్కడికి మార్పించుకోండి. ఫారం 8 నింపితే చాలు. రెండుచోట్ల పేరు ఉంచుకోవడం నేరం, సరదాకి కూడా వద్దు. 2024లో ఏప్రిల్ 26న ఇక్కడ పోలింగ్, మే 13న మన దగ్గర. అప్పుడు బెంగళూరు సౌత్‌లో పోలింగ్ 53 శాతం దగ్గర ఆగింది. ఇక్కడ పోలింగ్ నాడు లాంగ్ వీకెండ్ అని పడుకున్న మావాళ్లు కొందరు, మేలో ఎంత అడిగితే అంత పెట్టి బస్సెక్కారు. మురిక్కాలువ మాత్రం ఇక్కడి ఇంటి ముందే కదా పొంగేది!

2020 సెప్టెంబరులో పాత కౌన్సిల్ గడువు తీరాక ఏళ్ల తరబడి కార్పొరేటర్లే లేకుండా ఈ ఊరు నడిచింది. 2025లో ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు కూడా. ఇల్లు మారిన వారంలోనే మీ వార్డు ఇంజనీరు ఎవరో, ఆఫీసు ఎక్కడో కనుక్కోండి. నీళ్లకు 1916, కరెంటుకు 1912. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకుని, నాలుగిళ్ల వాళ్లు కలిసి వెళ్లండి. నాలుగు ముక్కలు కన్నడ నేర్చుకుని వెళితే కుర్చీ వేసి మాట్లాడతారు.

నువ్వు పంపిన రెండిళ్లలో మహదేవపుర వైపున్న వర్తూరు ఫ్లాటు ఫొటోల్లో స్విమ్మింగ్ పూల్ చాలా బాగుంది. పూల్‌లోకి నీళ్లు ఎక్కడివని అడిగావా? జీవన్‌బీమా నగర్ ఇల్లు పాతది, రెండో అంతస్తు, లిఫ్టు లేదు, వంటిల్లు ఇరుకే. కానీ పాత కాలనీ, కావేరీ కనెక్షన్ ఉందంటున్నారు, ఇందిరానగర్‌లో మెట్రో ఎక్కితే పర్పుల్ లైన్‌లో నేరుగా వైట్‌ఫీల్డ్ ఆఫీసు. నా ఓటు దానికే. శుక్రవారం పొద్దున్నే వచ్చెయ్, ఇద్దరం వెళ్లి సంపు మూత తీయించి చూద్దాం. పది నెలల అడ్వాన్స్ అంటే వెంటనే తల ఊపకు, ఓనరుతో బేరం నేనాడతాను.

మీ పెద్దమ్మ