కార్తీకం వెళ్తే మంచం దిగబుద్ధి కాదు

ప్రశ్న: మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. పుట్టిల్లు విజయనగరం. పెళ్లయి ఇక్కడికొచ్చి 19 ఏళ్లు. మావారికి ఇనుప సామాన్ల కొట్టు. మూడేళ్లుగా కార్తీకం వెళ్లిందంటే నాకు మనసు బాగోదు. పొద్దెక్కినా మంచు విడదు. పిల్లలు బడికి, ఆయన కొట్టుకి వెళ్లగానే తలుపులన్నీ వేసి, బొగ్గుల కుంపటి పక్కన మళ్లీ ముసుగేస్తాను. ఎంత పడుకున్నా నిద్ర తీరదు. అన్నం, తీపి ఎంత తిన్నా ఇంకా కావాలనిపిస్తుంది. ఊరికే ఏడుపొస్తుంది. శివరాత్రికి మామూలైపోతాను. "పనిలేక వచ్చే బెంగ" అంటారు అత్తగారు. నిజమేనా?
– ఒక సోదరి, సెమిలిగుడ

జవాబు: కాదమ్మా. కానీ మీ ఉత్తరంలో నన్ను ముందు భయపెట్టింది ఆ కుంపటి. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. ఎక్కువైతే నిద్రలోనే ప్రాణం పోతుంది. జయపురంలో పనిచేసే రోజుల్లో నేనూ ఒక రాత్రి కుంపటి గదిలో పెట్టుకుని పడుకున్నాను. తెల్లారి తల పగిలిపోతోంది, గడియ తీద్దామంటే వేళ్లకి పట్టు చిక్కలేదు. మీకు తీరని నిద్రలో కొంత దాని వల్లే కావచ్చు. ఇంకో రగ్గు కప్పుకోండి, కుంపటిని ఈ రోజే బయట పెట్టించండి.

ఇక దిగులు సంగతి. ఏటా చలికాలంలో వచ్చి, ఎండలు ముదిరేసరికి పోయే డిప్రెషన్ ఒకటుందని అమెరికాలో డాక్టర్ నార్మన్ రోసెంథాల్ బృందం 1984లో వివరించింది. అతినిద్ర, అన్నం మీద, తీపి మీద యావ దాని గుర్తులే. వెలుగు తగ్గడం ఒక కారణమంటారు. ఉత్తరాది చలిదేశాల్లో పగలు బాగా కుదించుకుపోతుంది. మీ కొరాపుట్‌లో డిసెంబరులోనూ దాదాపు 11 గంటల పగలుంటుంది. మంచు పట్టిన ఆకాశం కింద కూడా గదిలో ట్యూబులైటు కంటే ఎన్నో రెట్లు వెలుగు. తలుపులు వేసుకుంటే అది మీదాకా రాదు. పిల్లల్ని పంపాక శాలువా కప్పుకుని అరగంట వాకిట్లో కూర్చోండి, కూరలు అక్కడే తరుక్కోండి. కుందులి సంతకి మీవారిని పంపకుండా మీరే వెళ్లండి. నలుగురితో బేరమాడి వస్తే ఆ పూట మంచం మీదికి మనసు పోదు. వచ్చే ఏడు మాత్రం కార్తీకంలోనే మొదలుపెట్టండి, దిగులు ముదిరాక లేవడం కష్టం.

థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు తప్పకుండా చేయించుకోండి. వాటిలోనూ ఇలాంటి నీరసమే ఉంటుంది. రెండు వారాలు దాటినా తేలికపడకపోతే డాక్టరుకి చూపించుకోవాలి. ఏ వేళైనా ఉచితంగా మాట్లాడటానికి టెలీ మానస్ (మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం) నంబరు 14416 ఉంది. బతుకు మీద విరక్తి కలిగితే ఒక్క పూట కూడా ఆగొద్దు.

ఆ అరగంటా అత్తగారినీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఆవిడకీ ఎండ కావాలి.