ఆసుపత్రి రికార్డులతో పరిశోధన మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డుల మీద పీహెచ్‌డీ అనగానే చాలా సంతోషం వేసింది. రికార్డులు చూసి అంచనాలు వేసే ఏ కంప్యూటర్ మోడల్ వాడాలని అడిగావు. అది ఆర్నెల్ల తర్వాత చూద్దువుగాని. ముందు టేబుల్‌లో ఒక్కో వరుసను ఎవరు, ఎప్పుడు, దేనికోసం రాశారో తెలుసుకో. రికార్డులో కనిపించేది రోగి ఒంట్లో జరిగినదంతా కాదమ్మా, ఆసుపత్రి వాళ్లు చేసిన పని.

2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చదివి తీరాలి. బోస్టన్‌లోని రెండు ఆసుపత్రుల రికార్డుల్లో 272 రకాల ల్యాబ్ పరీక్షలు తీసుకుని చూశారు. వాటిలో 233 పరీక్షలకు, ఫలితం ఎంత వచ్చిందన్న దాంతో నిమిత్తం లేకుండా, పరీక్ష రాశారన్న ఒక్క విషయానికే రోగి బతికి ఉండే అవకాశంతో సంబంధం కనిపించింది. డాక్టరుకు అనుమానం వస్తేనే కదా అర్ధరాత్రి మూడింటికి రక్తం తీయించేది! అందుకే ఖాళీ గడి కనిపించగానే సగటుతో పూడ్చెయ్యకు. పరీక్ష చేశారా లేదా అన్నదానికి వేరే కాలమ్ పెట్టు, ఏ గంటకు చేశారో కూడా ఉంచు.

చేయి తిరగడానికి మిమిక్-4 అనే డేటా మంచిది. బోస్టన్ బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి రికార్డులవి, ఫిజియోనెట్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. పూర్తి డేటా కావాలంటే సిటీ (CITI) అనే పరిశోధన నియమాల కోర్సు పూర్తిచేసి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అనుమతి వచ్చేలోపు 100 మంది రోగులతో ఉన్న డెమో ఎవరైనా దించుకోవచ్చు. డేటాలోంచి కావలసింది వెతికి తీసే నీ క్వెరీలన్నీ దాని మీదే రాసుకో. పూర్తి డేటా చేతికొచ్చాక స్నేహితులకు పంపకు, బయటి చాట్‌బాట్‌లో అతికించకు. ఒప్పందం నీ పేరు మీద ఉంటుంది, డేటా కూడా నీ ఒక్కదానికే.

అందులో తేదీలు చూసి కంగారుపడొద్దు. రోగిని గుర్తుపట్టకుండా ఒక్కొక్కరి తేదీలను ఒక్కో లెక్కన ముందుకు జరిపారు, 2150లు కూడా కనిపిస్తాయి. ఒకే రోగికి సంబంధించిన రెండు తేదీల మధ్య తేడా నిజమే. ఇద్దరు రోగుల తేదీలను పోల్చి ‘ఎవరు ముందు’ అంటే మాత్రం ఆ లెక్కకు అర్థం లేదు. 89 దాటిన వయసులన్నిటికీ 91 అనే వేశారు, దాన్ని అసలు వయసు అనుకోకు.

ఎక్కువమంది బోల్తాపడేది సమయం దగ్గరే. చార్ట్‌టైమ్ అంటే కొలత జరిగిన వేళ, స్టోర్‌టైమ్ అంటే అది సిస్టంలోకి ఎక్కిన వేళ. ఉదయం ఆరింటికి ఏం జరుగుతుందో చెప్పే మోడల్‌కు, ఆరు తర్వాత ఎక్కిన విలువ అందకూడదు. ఒక్కో జబ్బుకు ఒక్కో గుర్తుగా ఇచ్చే ఐసీడీ కోడ్‌లైతే రోగి ఇంటికెళ్లాక బిల్లు కోసం వేసేవి. వాటితో మొదటిరోజే మరణాన్ని అంచనా వేశామంటే, ప్రశ్నపత్రంలో జవాబు రాసిపెట్టుకుని పరీక్ష రాసినట్టే. పైగా అమెరికా 2015 అక్టోబరు 1న ఐసీడీ-9 నుంచి 10కి మారింది, కాబట్టి కోడ్‌తో పాటు వెర్షన్ కాలమ్ కూడా కలిపి వెతకాలి. మోడల్‌కు నేర్పడానికి (ట్రైనింగ్), దాన్ని పరీక్షించడానికి (టెస్టింగ్) డేటాను విడదీసేటప్పుడు అడ్మిషన్‌ను బట్టి కాదు, రోగిని బట్టి విడదీయి. ఒకే మనిషి రెండు వైపులా ఉంటే మోడల్‌కు మార్కులు ఊరికే పెరుగుతాయి.

కొలతల యూనిట్లు నమ్మొద్దు. ప్రతి కాలమ్‌కూ హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే బొమ్మ) గీసి చూడు. సెల్సియస్ కాలమ్‌లో 37 దగ్గర ఒక గుట్ట, 98 దగ్గర చిన్న గుట్ట ఉంటే ఎవరో ఫారన్‌హీట్ కొట్టారన్నమాట. బయటి దేశాల డేటా కలిపితే యూనిట్లు వేరుగా ఉండొచ్చు కాబట్టి గ్లూకోజ్‌ను 18తో, క్రియాటినిన్‌ను 88.4తో సరిచేయాల్సి రావచ్చు.

మన దగ్గర ఆసుపత్రి డేటాకు వచ్చేసరికి అసలు చిక్కు ఒకే మనిషిని రెండుచోట్ల గుర్తుపట్టడం. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం. ‘లక్ష్మి’ని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. వయసు 40, 45, 50 దగ్గర కుప్పపడుతుంది, ఎందుకంటే అడిగి రాసినవే ఎక్కువ. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే మేలే, కానీ అందరికీ ఉంటుందనుకుని ప్రోగ్రామ్ రాయకు. పేరు, వయసు, లింగం, ఊరు కలిపి పోల్చి, అనుమానం ఉన్న జంటల్లో ఒక రెండొందలు నీ కళ్లతో చూసి, ఎన్ని తప్పుగా కలిశాయో థీసిస్‌లో రాయి. ఇదంతా ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చేతికొచ్చాకే.

వచ్చే వారమే మీ ఆసుపత్రి రికార్డుల విభాగానికి వెళ్లు. పది కేస్‌షీట్లు అడిగి, డేటాబేస్‌లో వాటి వరుసలతో పక్కపక్కన పెట్టి చూడు. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడ వార్డులో సిస్టర్‌ను అడుగు, ఆవిడ డ్యూటీ మారే వేళ మాత్రం అడగకు.

ఆశీస్సులతో,
పెదనాన్న