ఆ కోడె వయసెంత?

అమ్మా,

హాలండ్ పాతకాలపు చిత్రకారుల పశువుల బొమ్మల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం మొన్న మూడో పేజీ దాకా చదివి కోపమొచ్చి పక్కన పెట్టేశాను. మర్నాడు పొద్దున మళ్ళీ తీసి పూర్తిచేశాను. బెర్కెం బొమ్మ గురించి చెబుతూ "హాలండ్ పల్లెసీమల ప్రశాంతత" అని రాశావు. నువ్వు పంపిన ఆ బొమ్మలోనే వెనకాల కొండలున్నాయి, పాడుబడ్డ రాతి కట్టడం ఉంది. హాలండ్‌లో అలాంటి కొండలెక్కడివి తల్లీ? ఆ నేల చాలా చోట్ల సముద్రమట్టానికి కిందనే ఉంటుంది. 1612లో బేమ్‌స్టర్ అనే చెరువు నీళ్ళని గాలిమరలతో తోడి పారబోసి, అడుగున బయటపడ్డ మట్టిని పొలాలు చేసుకున్న జనం వాళ్ళు. బెర్కెం హాలండ్‌లోని హార్లెం ఊరివాడే, కానీ ఆ బొమ్మలో ఉన్నది ఇటలీ. కొండ నీ కళ్ళముందే ఉన్నా కనబడలేదంటే, బొమ్మ చూడకముందే "ప్రశాంతత" అన్న మాట నీ దగ్గర సిద్ధంగా ఉందన్నమాట.

నాకు తెలిసింది ఒకటే, ముప్ఫై ఏళ్ళుగా అదే చెబుతున్నాను, ఇప్పుడు నీకూ చెబుతాను. గొడ్లున్న బొమ్మ గురించి రాసేటప్పుడు ముందు గొడ్డుని గొడ్డులా చూడు. ఎన్నున్నాయి, ఏ వయసువి, పొదుగు నిండుగా ఉందా, పితికేశారా, కాసేవాడు ఎక్కడున్నాడు. వెలుగూ ఆకాశమూ ఆ తర్వాత.

ఇది నాకు మా నాన్న వల్ల తెలిసింది. ఆయన సంతల్లో జనానికి పశువులు చూసిపెట్టేవాడు, చదువు లేదు. నేను పౌలుస్ పోటర్ అనే హాలండ్ చిత్రకారుడి మీద మొదటి వ్యాసం రాస్తున్న రోజుల్లో ఆ "కోడె" బొమ్మ అచ్చు ఒకటి సంపాదించి గోడకి అంటించాను. 1647 నాటి బొమ్మ, అసలుది హేగ్‌లో మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది, దాదాపు మూడు మీటర్ల నలభై సెంటీమీటర్ల వెడల్పు. అంత పెద్ద గుడ్డ మీద రాజుల్నీ యుద్ధాల్నీ పురాణకథల్నీ వేసే కాలంలో, ఇరవై రెండు కూడా నిండని కుర్రాడు ఒక కోడెని ఇంచుమించు దాని నిజం సైజులో నిలబెట్టాడు. నాన్న భోజనం చేసి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, చాలాసేపు చూసి, "ఇది ఒక గొడ్డు కాదురా, రెండు మూడు గొడ్లని కలిపి కుట్టారు. ముందు చూస్తే ఎదిగిన ఆబోతు, వెనక చూస్తే ఇంకా పడుచు" అన్నాడు. మూపురం లేదేంటి అని కూడా అడిగాడు, ఆ దేశపు పశువులకి ఉండదని చెప్పాను.

ఆ మాట అలాగే వ్యాసంలో పెట్టాను. పత్రిక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేశాడు. పాఠకులకి కళ కావాలట, సంత కబుర్లు అక్కర్లేదట. పైగా నేను పెట్టని శీర్షిక ఒకటి తగిలించాడు, అందులో "ప్రకృతి ఒడిలో" అని ఉంది. ఆ సంచిక ఇంట్లో చూపించలేక దాచేశాను. చాలా ఏళ్ళకి, ఆ బొమ్మని పరిశీలించినవాళ్ళు రాసింది చదివితే నాన్న చెప్పిందే ఉంది: భుజాలు ఎదిగిన ఎద్దువి, వెనక భాగం ఎదగని కోడెది, కొమ్ములది మరో వయసు. వేరువేరు పశువుల్ని చూసి గీసుకున్న స్కెచ్‌లని పోటర్ కలిపి ఉంటాడంటారు. అది సహజమే. రంగుల ట్యూబులు వచ్చింది 1841 తర్వాత, అంతకుముందు బయటికెళ్ళి సుద్దతోనో సిరాతోనో గీసుకొచ్చి, ఇంట్లో కూర్చుని రంగులు నూరి వేసేవాళ్ళు. నాన్న అప్పటికి లేడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు సంపాదకుల ఫ్యాషన్ మారింది, నాకు తెలుసు. బొమ్మ మీద వ్యాసమంటే మొదటి రెండు పేజీలు సిద్ధాంతం ఉండాలి, ఆవు ఐదో పేజీలో వస్తే వస్తుంది లేకపోతే లేదు. నువ్వు ఆ దారిన పోకు.

క్యుప్ బొమ్మ దగ్గరా నువ్వు ఇలాగే జారిపోయావు. "బంగారు సంధ్యలో ఆవులు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ బంగారం ఎక్కడిదో అడగలేదు. క్యుప్ హాలండ్‌లోని డోర్డ్‌రెక్ట్ ఊరి మనిషి, ఇటలీ ముఖం చూసినట్టు ఎక్కడా ఆధారం లేదు. అదే దేశంలో ఉట్రెక్ట్ ఊరి చిత్రకారుడు యాన్ బోత్ రోమ్‌లో కొన్నేళ్ళుండి 1640ల మొదట్లో తిరిగొచ్చాడు, ఆ వెలుగు పట్టుకొచ్చాడు. క్యుప్ దాన్ని బోత్ బొమ్మల్లో చూసి తీసుకుని, తన ఊరి ఏటి ఒడ్డున పడుకున్న ఆవుల వీపుల మీద పరిచాడు. ఎప్పుడూ చూడని దేశపు ఎండ, రోజూ చూసే ఆవులు! ఇది రాయాల్సింది నువ్వు. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పోటర్ బొమ్మలో కప్పని పట్టుకున్నావు, బాగుంది. ఆ కోడె చుట్టూ ఈగలున్నాయి, కింద పేడ ఉంది, పైన ఆకాశంలో భరతపక్షి ఉంది, అవి ఎందుకు వదిలేశావు? పేడ రాయడానికి మొహమాటపడ్డావేమో అనిపించింది. ఆ కుర్రాడు పడలేదు. మొదట కోడె ఒక్కదానికే సరిపడా గుడ్డ తీసుకున్నాడు, తర్వాత పక్కల్లోనూ పైనా అతుకులు వేసి పెంచి, కాపరినీ గొర్రెల్నీ చెట్టునీ చేర్చాడు. క్షయతో ఇరవై ఎనిమిదేళ్ళకే పోయాడు, 1654లో.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవన్నీ తర్వాత చూద్దాం. ముందు క్యుప్ పేరా మళ్ళీ రాసి పంపు. నువ్వు చెప్పిన బొమ్మలో ఆవులెన్ని పడుకున్నాయి, ఎన్ని నిలబడ్డాయి, ఎండ వాటికి ఏ పక్కన పడుతోంది, అవి నాకు కావాలి.