గిటార్ పొట్ట విప్పే ముందు

చిరంజీవి బుజ్జమ్మకి,

విశాఖపట్నం నుంచి మావయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. అత్త మోకాలి నొప్పి తప్ప కొత్త విశేషాలేం లేవు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ కోడలు గిటార్ పొట్ట విప్పుతుందట. సోల్డరింగ్ ఐరన్ కూడా కొనేసింది. కాస్త నువ్వైనా చెప్పు" అంది. చెప్పమన్నది నిన్ను మానెయ్యమని. సరేనన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. ఆరేళ్ళప్పుడు నా బల్ల కింద కూచుని, రాలిన సీసం చుక్కలు ఏరి అగ్గిపెట్టెలో దాచుకునేదానివి. "వెండి, మావయ్యా" అనేదానివి. (అప్పుడు తెలియక ఊరుకున్నాను. సీసం మంచిది కాదు. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో.) ఆ అగ్గిపెట్టె పిల్ల ఇవాళ హైదరాబాదులో అద్దె గదిలో కూచుని పికప్‌లు (తీగల కదలికని అందుకునే అయస్కాంతపు ముక్కలు) మారుస్తానంటోంది అనుకుంటే గుండె ఇంత అయింది. అయితే రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది చూడు, అది మాత్రం గర్వంతో కాదు. ఆ సంగతికి వస్తాను.

మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నీకు రెండు బాధలు. గిటార్ గుర్రుమంటోంది. బ్రిడ్జి, అంటే తీగలు చెక్క మీద ఆనే చోటు, దాని దగ్గర పికప్ రేకుడబ్బా మీద కొట్టినట్టు పలచగా పలుకుతోంది. ఇవి రెండు వేరు వేరు జబ్బులు తల్లీ. రెంటికీ ఒకటే మాత్ర మింగించకు.

నీ స్ట్రాటోకాస్టర్ రకం గిటార్‌లో ఉన్న మూడు పికప్‌లూ సింగిల్ కాయిల్సే, అంటే ఒక్కోదానికి ఒకే తీగ చుట్ట. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. కాకపోతే గోడలో పరిగెత్తే 50 హెర్ట్జ్ కరెంటు కూడా ఆ చుట్టకి వినపడుతుంది. ఇదేదో మీ ఇంట్లో పుట్టిన లోపం అనుకోకు, దాని పుట్టుకే అంత. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టల్ని పక్కపక్కన పెట్టి, ఒకదాని చుట్ల దిక్కూ, దాని అయస్కాంతం దిక్కూ తిరగేసి, గుర్రు గుర్రుని కొట్టేసేటట్టూ తీగ శబ్దం మాత్రం కలిసేటట్టూ చేశాడు. ఆ జంట చుట్టల పికప్‌నే హంబకర్ అంటారు. పేటెంటుకి దరఖాస్తు పెడితే అది 1959లో గానీ రాలేదు. ఆ కాలంలో తయారైన చాలావాటి అడుగున "పేటెంటుకి దరఖాస్తు చేశాం" అని ఓ చిన్న స్టిక్కరు ఉంటుంది. ఆ స్టిక్కరున్న పికప్ కోసం జనం ఇప్పుడు ఆస్తులు అమ్ముకుంటున్నారు. నువ్వా పిచ్చిలో పడకు.

ముందు పరీక్ష చెయ్యి. గిటార్ మెడలో వేసుకుని కుర్చీలో మెల్లగా గుండ్రంగా తిరుగు. తిరిగేకొద్దీ గుర్రు పెరిగి తగ్గుతుంటే అది సింగిల్ కాయిల్ గుణం. సెలెక్టర్ (ఏ పికప్ పలకాలో ఎంచే స్విచ్చి) రెండో స్థానంలోనూ నాలుగో స్థానంలోనూ తగ్గిపోతే, మధ్య పికప్‌ని తయారీలోనే తిరగేసి చుట్టారన్నమాట. ఎటు తిరిగినా మారకపోతే, సెలెక్టర్ ఎక్కడున్నా మారకపోతే, పికప్‌ని అనకు. కేబులో, యాంపో, కరెంటు బోర్డో చూసుకో. తీగల మీద చెయ్యి వేస్తే గుర్రు తగ్గడం మంచిదే, బ్రిడ్జికి ఎర్త్ తీగ ఉందని దానర్థం. చెయ్యి వేస్తే పెరిగిందంటే మాత్రం ఆపేసి నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా సరే.

ఇప్పుడు నా కథ. మీ అమ్మకి ఇప్పటిదాకా సగమే తెలుసు.

వాల్తేరు రైల్వే కాలనీలో ఓ ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు. నాకు గిటార్ నేర్పింది ఆయనే. కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తన గిటార్ నా చేతిలో పెట్టాడు. జపాన్‌ది, కంపెనీ పేరు అరిగిపోయింది. రెండు పికప్‌లు. గొంతు చిన్నదే గానీ, ఆరు తీగలూ ఒకేసారి మీటినా ఏ తీగకా తీగ విడిగా వినపడేది. 1987లో మా ఆర్కెస్ట్రా పార్టీకి కొత్త కీబోర్డు వచ్చింది. ఆ రోజు నుంచీ నా గిటార్ వినపడడం మానేసింది. పైగా సౌండ్ మిక్సర్‌కి లైన్ ఇచ్చినప్పుడల్లా గుర్రు. వినాయక చవితికి అలా, పెళ్ళిళ్ళకి అలా. నేను తేల్చేసుకున్నాను, తప్పంతా పికప్‌దేనని.

ఓడ మీద పనిచేసే స్నేహితుడొకడు ఉండేవాడు. వాడి చేత విదేశం నుంచి మహా గట్టి హంబకర్ ఒకటి తెప్పించాను. మూడు నెలల ప్రోగ్రాముల డబ్బు. అది గుంటలో పట్టదు. వడ్రంగి దగ్గర ఉలి అడిగి తెచ్చుకుని నేనే చెక్కాను. గార్డు గారు పసిబిడ్డలా గుడ్డతో తుడుచుకున్న చెక్కని. బ్రిడ్జి వైపు బీట వచ్చింది. దాన్ని ఫెవికాల్‌తో అంటించాను. బిగించి చూస్తే, దాని తల మీద ఒక్కో తీగ కింద ఒక్కోటి ఉండే ఇనప గుండీల వరస మా తీగల వరసకన్నా ఇరుకు. మొదటి తీగ గుండీ దాటి బయటికి పోయింది. ఆ తీగ మీద ఏది వాయించినా మూగగా వచ్చేది. అయినా గట్టిగా అరుస్తోంది కదా, అదే చాలనుకున్నాను. సోలోలకి బాగానే ఉంది. తీగలు విడివిడిగా మీటే చోట మాత్రం మజ్జిగలో ముంచి తీసినట్టుండేది. గుర్రు సంగతంటావా? అది అలాగే ఉంది. హంబకర్ పెట్టినా పోలేదంటే అది పికప్ గుర్రు కాదని అక్కడే తెలియాలి. తెలియలేదు.

ఆ దసరాకి అనకాపల్లి దగ్గర ప్రోగ్రాం. యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేస్తే గుర్రు పోతుందని ఎవరో చెప్పారు. పీకేశాను. నిజంగానే పోయింది. నా యాంప్‌కీ మిక్సర్‌కీ మధ్య ఎర్త్ రెండు దారుల్లో కలిసి గుర్రు పుట్టేదట, ఒక దారి తెగేసరికి ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మూడో పాటకి కోరస్ అందుకుందామని మైకు దగ్గరికి వంగాను. పెదవి మైకుకి తగిలింది. ఎడమచెయ్యి గిటార్ మెడని పట్టుకుని మరి వదల్లేదు. వదలాలని ఉంది, వేళ్ళు వినడం లేదు. యాంప్ డొక్కలో లీకైన కరెంటు కేబుల్ మీదుగా, బ్రిడ్జి మీదుగా, తీగల్లోకి వచ్చి, నాలోంచి మైకులోకి పోతోంది. మా డ్రమ్ములవాడు కాలితో తన్ని బోర్డు ఊడగొట్టాడు. వాడి పుణ్యం.

వేళ్ళ మీద రెండు గీతలు కాలాయి. ఇంట్లో టీ ఒలికిందని చెప్పాను. మీ అమ్మ వెన్న రాసింది.

రెండేళ్ళ తర్వాత మద్రాసులో గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయనకి దాన్ని చూపించాను. మెడ దగ్గర పాత పికప్ ఇంకా అలాగే ఉంది. ఆయన మాట్లాడకుండా స్క్రూడ్రైవర్ తీసి, దాని రెండు పక్కలా ఉన్న స్క్రూలు తిప్పి పికప్‌ని పైకి లేపాడు. వాయించమన్నాడు. కీబోర్డుని తొక్కేసేంత శబ్దం, తీగలు మాత్రం విడివిడిగానే. "మరి దీని జత ఏది?" అన్నాడు. ఇంటికొచ్చి అటకంతా వెతికాను. అట్టపెట్టెలో పెట్టిన ఆ పికప్‌ని మా అమ్మ పాత సామానుతో కలిపి ఉల్లిపాయలకి వేసేసింది. ఆవిడని ఏమనగలను? ఉలి పట్టుకున్నది ఆవిడ కాదు.

అందుకని ఏమీ కొనక ముందు కొత్త తీగలు వేసి, చిన్న స్కేలు, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూచో. తీగని ఆఖరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు మెట్టు) దగ్గర నొక్కిపట్టి, తీగ అడుగుకీ పికప్ తలకీ మధ్య కొలువు. లావు తీగ కింద రెండున్నర, సన్న తీగ కింద రెండు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, పావు చుట్టు తిప్పడం, వినడం. మరీ దగ్గర చేశావో, అయస్కాంతం తీగని పట్టి లాగుతుంది. పై ఫ్రెట్లలో శ్రుతి తప్పి రెండు స్వరాలు ఒకదానితో ఒకటి పోట్లాడినట్టు మూలుగుతుంది. ఓ వారం ఇలా వాయించు. ఆ తర్వాత కూడా పలచగానే ఉంటే అప్పుడు కొను. కొనుక్కోవద్దని అనడం లేదు.

కొనేటప్పుడు బ్రిడ్జి దగ్గరది ఒక్కటే మార్చు. మూడూ కలిపి సెట్టు కొంటే ఖర్చు బాగా పెరుగుతుంది. మిగతా రెండూ నీకు నచ్చుతున్నాయని నువ్వే అన్నావట. ఉలి పట్టనని నాకు మాటివ్వు. సింగిల్ కాయిల్ సైజులోనే హంబకర్లు వస్తాయి, ఉన్న గుంటలోనే కూచుంటాయి, గుర్రూ తగ్గుతుంది, గొంతూ లావవుతుంది. అసలైన సింగిల్ కాయిల్ మెరుపు కొంత పోతుంది మరి. రెండూ కావాలంటే కుదరదు. అయస్కాంతాల్లో ఆల్నికో అనే మిశ్రలోహానికి నంబర్లుంటాయి: ఆల్నికో రెండో నంబరు మెత్తన, ఆల్నికో అయిదు కాస్త గట్టిగా మెరుస్తుంది. సెరామిక్ బిగువుగా, డిస్టార్షన్‌లో, అంటే శబ్దాన్ని గరగరలాడించి వాయించేటప్పుడు, తెగువగా ఉంటుంది. నువ్వు మీ ఆఫీసు బ్యాండులో క్లీన్‌గా వాయించేదే ఎక్కువ కాబట్టి నన్నడిగితే ఆల్నికో అయిదు, మధ్యస్థం అవుట్‌పుట్. మహా గట్టిది తీసుకుంటే సెలెక్టర్ మార్చినప్పుడల్లా పక్క పికప్‌లు నీరసించి కనపడతాయి.

డబ్బా మీద కిలో ఓమ్‌ల అంకె (చుట్ట కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పేది) చూసి మోసపోకు. పాతకాలపు స్ట్రాట్ పికప్ ఆరు దగ్గర, పాత తరహా హంబకర్ ఎనిమిది దగ్గర, గట్టివి పదమూడు, పదహారు కూడా ఉంటాయి. అయితే తీగ సన్నబడితే చుట్లు పెరగకుండానే ఆ అంకె పెరుగుతుంది. అది చూసి శబ్దం అంచనా కట్టడం, బస్తా బరువు చూసి బియ్యం రుచి చెప్పడం లాంటిది.

ఇనప గుండీలుండే రకమైతే నీ బ్రిడ్జి దగ్గర మొదటి తీగ నుంచి ఆరో తీగకి ఎంత దూరమో కొలిచి, దానికి సరిపోయేదే తీసుకో. కారణం పైన చదివావు. గుండీల బదులు పొడుగు పట్టీలుండే రకమైతే ఆ బాధ లేదు.

వైర్ల రంగులు కంపెనీకో రకం. సీమోర్ డంకన్‌లో నల్లది వేడి వైరు (శబ్దాన్ని బయటికి మోసేది), తెలుపూ ఎరుపూ కలిపి అతికి టేపు చుట్టాలి, ఆకుపచ్చదీ బోడి వైరూ ఎర్త్‌కి. డిమార్జియోలో వేడి వైరు ఎర్రది, కలిపేవి నలుపూ తెలుపూ. ఒకదాని బొమ్మ చూసి ఇంకోదాన్ని అతికితే ఊరికే బుర్ర పాడు. అన్నీ సరిగ్గా అతికినా మధ్య పికప్‌తో కలిపినప్పుడు శబ్దం ఎండిపోయినట్టు వస్తే రెండూ ఎదురెదురు పడ్డాయన్నమాట. కొత్తదాని వేడి వైరూ ఆకుపచ్చదీ అటూ ఇటూ మార్చు, బోడి వైరు మాత్రం ఎర్త్‌లోనే ఉంచు. నీ గిటార్‌లో 250 కిలో ఓమ్‌ల పాట్‌లే (వాల్యూమ్, టోన్ బిరడాల కింద ఉండే భాగాలు) ఉంటే ముందు వాటితోనే విను. హంబకర్‌కి 500 వాడతారు గానీ, మారిస్తే మిగతా రెండూ ఇంకా చురుగ్గా అయిపోతాయి. కావాలంటే కోఠి గుజరాతీ గల్లీలో పాట్‌లు దొరుకుతాయి, తొందరేం లేదు.

మిగతావి నీకు తెలిసినవే. విప్పక ముందు ఫోటో తీసుకో. చెక్క మీద పాత తువ్వాలు పరుచు. పాట్ వెనక అతికేటప్పుడు ఐరన్ బాగా కాలనిచ్చి త్వరగా తీసెయ్యి. పికప్ చుట్ట మీద టేపు మాత్రం, లోపలేముందో చూద్దామనైనా, విప్పకు. ఆ రాగి తెగితే దాని పని అయిపోయినట్టే.

మీ తాతయ్య నా గిటార్‌ని "కరెంటు వాయిద్యం" అని తీసిపారేసేవారు. కరెంటు పోతే మూగబోయేది సంగీతమా అనేవారు. ఒకసారి మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్ కచేరీకి బలవంతంగా తీసుకెళ్ళాను. మామూలు మాండలిన్‌లో మీటిన మరుక్షణం స్వరం ఆరిపోతుంది. ఆయనది ఎలక్ట్రిక్ మాండలిన్ కాబట్టి స్వరం నిలిచేది, నిలిచినదాని మీద గమకం ఊగేది. తాతయ్య కళ్ళు మూసుకుని చివరిదాకా తాళం వేశారు. రిక్షాలో వస్తూ, "ఆయన దాన్లోనూ నీ దాన్లో ఉండేదే ఉంటుందిరా?" అని అడిగారు. ఉంటుంది నాన్నా అన్నాను. ఇంకేం అనలేదు. మర్నాడు నా గిటార్ కేబుల్ కాలికి అడ్డమొస్తే తిట్టకుండా చుట్టి పక్కన పెట్టారు.

నన్ను రాత్రి రెండింటికి లేపింది మీ ఇంటి గోడ బోర్డు. అద్దె ఇళ్ళలో మూడు రంధ్రాలుంటాయి గానీ పై రంధ్రానికి ఒక్కోసారి వైరే ఉండదు. 1972లో వేల్స్ దేశంలో స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్త్ లేని మైకు ముట్టుకుని స్టేజీ మీదే ప్రాణం వదిలాడు. ఆ సంగతి మా గార్డు గారు నాకు ముందే చెప్పాడు. విన్నాను, అయినా పిన్ను పీకాను. ఐరన్ వేడి చేసే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించు. ఆ డబ్బు నేను పంపుతాను. నవ్వకు.

తీసేసిన పికప్‌ని గుడ్డలో చుట్టి, పేరు రాసి, సంక్రాంతికి వచ్చేటప్పుడు నాకు తెచ్చియ్యి. మీ అమ్మ దగ్గర పెట్టకు. అదీ వాళ్ళమ్మ కూతురే.

కొత్త పికప్ ఫోటో తీరిగ్గా పంపుదువుగాని. ముందు నీ యాంప్ ప్లగ్ ఫోటో పెట్టు. మూడు పిన్నులూ కనపడాలి.

ఇట్లు,
నీ మావయ్య