ఆదివారం మధ్యాహ్నం ఆరు నిమిషాలు

అమ్మాయీ,

నిన్న రాత్రి పదకొండింటికి నువ్వు ఫోను చేసేసరికి నేను సగం నిద్రలో ఉన్నాను. నీ కొడుకు ఆదివారం బాస్కెట్‌బాల్ టోర్నమెంటు చివరి ఆటలో ఆరు నిమిషాలే ఆడాడనీ, కోచ్ కొడుకు ఒక్కసారి కూడా బెంచి మీదకు రాలేదనీ, ఇప్పుడే ఆ కోచ్‌కి మెయిలు రాసి కడిగేస్తాననీ అన్నావు. ఫోనులో చెబితే మధ్యలో అడ్డం పడతావు, అందుకే రాస్తున్నాను. ఆ మెయిలు ఇంకా పంపలేదు కదా? పంపేసి ఉంటే తర్వాతి పేరా వదిలేసి చదువుకో.

నేను పంపాను ఒకసారి. మా పెద్దవాడికి అప్పుడు పన్నెండేళ్లు. అర్ధరాత్రి కూర్చుని ఎవరెవరు ఎన్ని బంతులు పోగొట్టారో కూడా రాశాను, పక్కవాళ్ల పిల్లల పేర్లతో సహా. కోచ్ మర్యాదగానే జవాబిచ్చాడు. మంగళవారం ప్రాక్టీసు నాటికి సంగతి పిల్లలందరికీ తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నాకు ఈనాటికీ అంతుపట్టదు. ఆ తర్వాత మావాడికి నిమిషాలు పెరిగాయి, అబద్ధం చెప్పను. కానీ ఆడుతున్నంతసేపూ వాడికి బంతి అందించేవాడు లేడు. ఆట ముగిశాక 24 గంటలపాటు తల్లిదండ్రులు కోచ్‌తో దాని గురించి మాట్లాడకూడదని చాలా క్లబ్బులు నియమం పెట్టుకున్నది నాబోటివాళ్ల వల్లనే.

సరే, ముందు లెక్క చూద్దాం. మీ టోర్నమెంటులో ఒక్కో అర్ధభాగం 16 నిమిషాలన్నావు. అంటే ఆట 32 నిమిషాలు. ఒకేసారి అయిదుగురు ఆడతారు కనుక కోచ్ చేతిలో ఉన్నవి మొత్తం 160 నిమిషాలు. మీ జట్టులో పదిమంది. అందరికీ సమానంగా పంచినా తలకి 16 నిమిషాలే వస్తాయి. అంటే ఏ లోపమూ లేకుండా పంచినా నీ కొడుకు సగం ఆట కూర్చోవాల్సిందే. ఈ మాట సీజను మొదట్లో ఏ క్లబ్బువాళ్లూ నోరు తెరిచి చెప్పరు. పన్నెండు మందిని తీసుకుంటే తలకి పదమూడు నిమిషాల చిల్లర. ఫీజులు మాత్రం పన్నెండు వస్తాయి.

ఆ ఆరు నిమిషాలు నువ్వు గడియారం చూసి లెక్కపెట్టావా, లేక అనిపించిందా? కోపం తెచ్చుకోకు. నేను నాలుగేళ్లు స్కోరు బల్ల దగ్గర కూర్చుని జట్టు పుస్తకం రాశాను. అక్కడ కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, అదొక పెద్ద శిక్ష. ఊరికే ఉండలేక పుస్తకం అంచున మావాడు ఎప్పుడు దిగాడో, ఎప్పుడు వచ్చాడో పెన్సిలుతో గీతలు పెట్టేదాన్ని. ఒకరోజు అయిదు నిమిషాలే ఆడాడని మీ పెదనాన్న కారులో రంకెలు వేస్తుంటే గీతలు కూడి చూపించాను. పదకొండు. పిల్లవాడు ఆడుతున్నప్పుడు మనం వాడిని చూస్తాం, కూర్చున్నప్పుడు గడియారాన్ని చూస్తాం. అందుకే బెంచి మీది కాలం రెట్టింపుగా కనిపిస్తుంది. కాబట్టి నువ్వూ వచ్చే రెండు మూడు టోర్నమెంట్లు గీతలు పెట్టు. శనివారం ఆటలు వేరుగా, ఆదివారం ఆటలు వేరుగా.

వేరుగా ఎందుకంటే, ఆ రెండు రోజులూ ఒకటి కావు. శనివారం గుంపులో మూడు నాలుగు జట్లు, తలా రెండు మూడు ఆటలు. గుంపులో మొదటివాళ్లు ఆదివారం గోల్డు విభాగానికి, తర్వాతివాళ్లు సిల్వర్‌కి, ఆ తర్వాతివాళ్లు బ్రాంజుకి వెళతారు. గెలుపులు సమానమైతే ముందు ఎవరు ఎవరిని ఓడించారో చూస్తారు, అదీ తేలకపోతే పాయింట్ల తేడా చూస్తారు. ఆ తేడాకి చాలాచోట్ల 15 అనో మరొకటో హద్దు ఉంటుంది, అంతకు మించి గెలిచినా లెక్కలోకి రాదు. ఈసారి గమనించు, మీ జట్టు హద్దు దాటగానే బెంచి మీది పిల్లలు బిలబిలమంటూ లేస్తారు. అది దయ కాదు, లెక్క. ఇక ఆదివారం ఓడినవాళ్లు ఇంటికే. అందుకని ఆరేడుగురితోనే ఆట నడిపించేస్తారు. నీ కొడుకు ఆరు నిమిషాల అసలు కథ ఇది. అందులో వాడి తప్పు ఉండవచ్చు, లేకపోనూ వచ్చు.

మరి అంత కష్టపడి గెలిచింది ఏమిటి? సిల్వర్. అంటే గోల్డుకి వెళ్లిన జట్లన్నీ మీకన్నా పైన ఉన్నాయి. అయినా పతకం మీద ఛాంపియన్లు అనే ఉంటుంది, సాయంత్రానికల్లా క్లబ్బు ఆ ఫొటో పెట్టేసుకుంటుంది, వచ్చే సెలక్షన్లకి పిల్లలు వస్తారు. గెలుపు కోచ్‌కి ఎంత అవసరమో, క్లబ్బు అద్దెకి కూడా అంతే అవసరం. మన పిల్లల నిమిషాలు అక్కడ ఖర్చవుతాయి. కోచ్‌ని దుర్మార్గుడని అనను, చాలామంది సాయంత్రాలు ధారపోసే మంచివాళ్లే. కానీ చిన్న వయసులో అందరినీ సమానంగా ఆడించమని అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ, దేశపు బాస్కెట్‌బాల్ సంఘం యూఎస్‌ఏ బాస్కెట్‌బాల్ కలిసి 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చాయి. పద్నాలుగేళ్లు వచ్చేదాకా పిల్లల్ని ఒక్క క్రీడకే కట్టేయవద్దనీ అందులోనే ఉంది. అవి సలహాలే, ఎవరినీ కట్టడి చేయవు.

కాబట్టి పోట్లాడవలసిన సమయం ఆదివారం రాత్రి కాదు, డబ్బు కట్టే రోజు. ఎంతమందిని తీసుకుంటారు? ఆదివారం కూడా ప్రతివాడూ ఆడతాడా? కనీసం ఎంత? ఆ జవాబు మెయిలులో రాయించుకో. దాటవేస్తే అదే జవాబు అనుకో. మేము రెండో అబ్బాయి విషయంలో అడిగాం, ఒక కోచ్ ఉన్నదున్నట్టు చెప్పాడు: ‘మీవాడు తొమ్మిదోవాడు, ఆదివారాలు పెద్దగా ఆడడు.’ ఆ మనిషి మీద నాకు ఈరోజుకీ గౌరవం. రెండో జట్టులో చేర్పించాం. మెడళ్లు రాలేదు, ఏడాది పొడుగునా ఆడాడు.

రెండో జట్టు అంటే నీకు చిన్నతనం అని తెలుసు. మీ ఆయన చెప్పే ఎన్‌బీఏ వీరుడు మైకేల్ జోర్డాన్ కథ ఉంది చూడు, హైస్కూలు జట్టు నుంచి తీసేశారని, నిజానికి తీసెయ్యలేదు. విల్మింగ్టన్‌లోని లేనీ హైస్కూల్లో పెద్ద జట్టుకి ఇంకా పొడుగ్గా ఉన్న స్నేహితుడిని ఎంచుకుని, ఇతన్ని చిన్న జట్టులో వేశారు. ఆ ఏడాది పెద్ద జట్టు బెంచి మీద కూర్చునే బదులు చిన్న జట్టులో దండిగా ఆడాడు. ఈ సగం ఎవరూ చెప్పరు. ఇక స్కాలర్‌షిప్పుల సంగతి నాకు చెప్పకు. హైస్కూల్లో ఆడే మగపిల్లల్లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) కాలేజీ జట్లలోకి వెళ్లేది వందకి నలుగురు కూడా ఉండరు. మన ఇళ్ల పొడుగులు నీకు తెలియనివా?

ఇప్పుడు ఈ సీజను ఎలాగూ నడుస్తోంది కాబట్టి, కోచ్‌తో మాట్లాడవలసింది వాడు. నువ్వు కాదు. గురువారం ప్రాక్టీసుకి పది నిమిషాలు ముందు దింపు. ‘నేను ఎక్కువ ఆడాలంటే ఏం నేర్చుకోవాలి?’ అని ఒక్క ప్రశ్న అడగమను. కోచ్ కొడుకు పేరు ఎత్తవద్దను. ఆ అబ్బాయి అన్ని నిమిషాలూ ఆడతాడు, ప్రతి జట్టులోనూ ఉన్నదే, మన ఊళ్లో పీఈటీ మాస్టారి మేనల్లుడే కెప్టెన్ కాలేదా? దాని మీద నీ ప్రాణం అరగదీసుకోకు. జవాబుగా ఏదో ఒకటి చెబుతారు, ఎడమ చేత్తో లేఅప్, అంటే పరుగున వెళ్లి దగ్గర నుంచి బుట్టలో వేయడం అనో, డిఫెన్సులో అడుగులు అనో. అది రెండు నెలలు చేసినా గీతలు పెరగకపోతే అప్పుడు నువ్వు వెళ్లు, గీతల కాగితం తీసుకుని, పగటిపూట.

ఇంతకీ నువ్వు నాకు చెప్పని సంగతి ఒకటుంది. వాడు ఏమన్నాడు? ఆట అయ్యాక ఏడ్చాడా, లేక స్నేహితులతో నాచోస్ తింటూ నవ్వుతున్నాడా? నిన్న నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ కోచ్ గురించే చెప్పావు. కారులో ఆట మాట ఎత్తకుండా ముందు వాడికి తిండి పెట్టు, చెప్పాలనిపిస్తే వాడే చెబుతాడు.

మేలో మీ అమ్మ వస్తోంది కదా, ఆ టోర్నమెంటుకి నేనూ వస్తాను. గేటు దగ్గర తలకి పది పదిహేను డాలర్లు వసూలు చేస్తారు, మా ఇద్దరి టికెట్లూ నేనే కొంటాను. పులిహోర నువ్వు తే. ఆ అల్యూమినియం మెట్ల మీద నా నడుము నిలవదు, వీపుకి ఆనుకునేలా ఉన్న కుర్చీ ఒకటి కారులో వేసుకురా. మీ అమ్మని నా పక్కన కూర్చోబెట్టు. మనవడు ఎందుకు ఆడటం లేదని ఊరంతా వినేలా అడుగుతుంది.

మీ పెద్దమ్మ