నాలుగు చక్రాలూ లాగే బండి కొనబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి మావయ్య దీవెనలు.

నువ్వు పంపిన రెండు బండ్ల ఫొటోలూ చూశాను. ఒకటి మారుతి జిమ్నీ, ఇంకోటి మారుతి గ్రాండ్ విటారా ఆల్‌వీల్ డ్రైవ్. "రెండిటికీ నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది కదా మావయ్యా, సుఖంగా ఉండేది తీసుకోనా?" అన్నావు. ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. పవర్ నాలుగు చక్రాలకూ వెళ్లడం ఒక ఎత్తు, ఒక చక్రం జారినప్పుడు మిగతా మూడిటికీ ఏం మిగులుతుందన్నది ఇంకో ఎత్తు. వానాకాలంలో కూడా రొయ్యల చెరువుల గట్లు ఎక్కి దిగాల్సిన పిల్లవి, నీకు ఆ రెండోదే ముఖ్యం.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. అందుకని ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక పెడతారు. అది చక్రాల వేగాన్ని వాటికే వదిలేస్తుంది గానీ, బలాన్ని మాత్రం రెండు పక్కలకీ సమానంగానే ఇస్తుంది. తాతయ్య ఎడ్లబండి గుర్తు తెచ్చుకో. కాడి నొగకి మధ్యలో ఒక్కచోటే కట్టి ఉంటుంది. ఒక ఎద్దు బురదలో జారి లాగడం మానేసిందనుకో, రెండో ఎద్దు వైపు కాడి ముందుకు తిరిగిపోతుందే గాని బండి కదలదు. జారిన ఎద్దు ఎంత లాగుతోందో, గట్టి ఎద్దు బలం కూడా అంతవరకే పనికొస్తుంది.

మొన్న మన మెకానిక్ షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడికి ఇదే చూపించాను. ముందు చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టి, వెనక ఒక చక్రాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలబెట్టి, ఫస్ట్ గేరులో క్లచ్ వదిలాను. గాల్లో ఉన్న చక్రం గిర్రున తిరిగింది. నేల మీదున్న చక్రం దగ్గర ఒక వేపాకు పడి ఉంది, అది నలగను కూడా నలగలేదు. ఇంజను తిరుగుతోంది, బండికి మాత్రం చలనం లేదు. నువ్వు ఇంటి దగ్గర ఇది చేయకు. బండి స్టాండు మీంచి దూకితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య సంగతి. జిమ్నీలో గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. ఆ రాడ్డు వేస్తే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ బలం మోసుకెళ్లే షాఫ్టులు రెండూ గేర్లతో ఒకదానికొకటి బిగిసిపోతాయి. మధ్యలో జారే వస్తువేమీ లేదు. దీన్ని "సగం సగం పవర్" అంటుంటారు, అది తప్పు. సమానం అయ్యేది వేగం. బలం మాత్రం నేల ఎక్కడ పట్టు ఇస్తే అక్కడికే పోతుంది. ముందు రెండు చక్రాలూ బురదలో తేలిపోతున్నా, వెనకవి గట్టి నేల మీదుంటే దాదాపు మొత్తం బలం వెనకకే చేరుతుంది. డిఫరెన్షియల్ బలాన్ని సమానం చేస్తుంది, ఇలా బిగించేసే లాకు వేగాన్ని సమానం చేస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే ఏ కంపెనీ ఏ పేరు పెట్టినా నిన్ను ఎవరూ తికమక పెట్టలేరు.

దీనికో ఖరీదు ఉంది. పొడి తారు రోడ్డు మీద ఆ రాడ్డు వేసి మలుపు తిప్పితే, ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలంటాయి, షాఫ్టు పోనివ్వదు. బండి బిగదీసుకుపోతుంది, టైర్లు కీచుమంటాయి, రాడ్డు కూడా ఓ పట్టాన వెనక్కి రాదు. కాబట్టి రాజోలు నుంచి అమలాపురం వెళ్లే 216 హైవే ఎక్కగానే టూ వీల్‌లో పెట్టేయాలి.

విటారాలో దారి వేరు. ఇంజను ముందు చక్రాల్నే తిప్పుతుంది. వెనక ఇరుసుకి ముందు పలకల క్లచ్ ఒకటి ఉంటుంది. చక్రాల వేగం, యాక్సిలరేటర్, స్టీరింగ్ చూసి కంప్యూటర్ ఆ పలకల్ని నొక్కుతుంది. ఎంత గట్టిగా నొక్కితే వెనకకి అంత బలం. వాన పడుతున్న హైవే మీద ఇది నిజంగా హాయి, నువ్వు ఏ మీటా ముట్టుకోనక్కర్లేదు. కానీ క్లచ్ అంటే రాపిడి, రాపిడి అంటే వేడి. బురదలో చక్రాలు తిరుగుతూనే ఉంటే, ఇలాంటి క్లచ్ వేడెక్కి తనను తాను కాపాడుకోడానికి వదిలేయవచ్చు. అప్పుడు నీది ముందు చక్రాల బండే. లాక్ మోడ్ అని రాసి ఉన్నా అది గేర్ల లాకు కాదు, క్లచ్‌ని గట్టిగా నొక్కి పట్టడమే.

ఇక 1980లో వచ్చిన ఆడి క్వాట్రో మాదిరి, మధ్యలో కూడా డిఫరెన్షియల్ ఉండి ఎప్పుడూ నాలుగూ లాగే బండ్లున్నాయి. రెండు మోటార్ల ఎలక్ట్రిక్ బండ్లలో అసలు ముందుకీ వెనకకీ మధ్య షాఫ్టే ఉండదు. అవి నీ బడ్జెట్ కాదు, వదిలేద్దాం.

ఇంకో మెలిక ఉంది. రాడ్డు వేసినా ఎడమకీ కుడికీ మధ్య డిఫరెన్షియల్ అలాగే ఉంటుంది. జీపు తోలే రోజుల్లో సఖినేటిపల్లి దగ్గర ఒక చెరువు గట్టు మీద ఇరుక్కుపోయాను. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం బురదలో గిరగిరా తిరుగుతున్నాయి, మిగతా రెండూ రాళ్లలా ఉండిపోయాయి. ఫోర్ వీల్ వేసే ఉంది, అయినా అంతే. కొబ్బరి మట్టలు తొక్కించి, హ్యాండ్ బ్రేకు రెండు మూడు పళ్లు లాగి మెల్లగా కదిలించాను. బ్రేకు తిరిగే చక్రానికి కాస్త అడ్డం పడితే, ఆ బరువుకి సమానమైన బలం పక్క చక్రానికీ వెళ్తుంది. ఇప్పుడు జిమ్నీలో కంప్యూటర్ అదే పని చేస్తుంది, ఉత్తినే తిరిగే చక్రం ఒక్కదానికే బ్రేకు వేస్తుంది. అందుకని అక్కడ భయపడి కాలు తీయకు, అలాగని బలంగా తొక్కకు. యాక్సిలరేటర్ ఒకే లెవెల్లో పట్టుకుని రెండు క్షణాలు ఓపిక పట్టు, కర్ర్ కర్ర్ మని చప్పుడు వచ్చి బండి కదులుతుంది. కదలకపోతే మాత్రం ఆపెయ్. ఇంకా తొక్కితే ఇరుసు దాకా దిగిపోతావు. ఫోర్స్ కంపెనీ గూర్ఖా బండికైతే ముందు, వెనక రెండు ఇరుసులకీ లాకులున్నాయి గానీ, నీ పనికి అంత అక్కర్లేదు.

ఏది కొన్నా టైర్లు నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఒకేసారి మార్చు. ఒకటి కొత్తది, మూడు అరిగినవి అయితే చుట్టుకొలతలు తేడా వచ్చి విటారాలో ఆ క్లచ్ తారు రోడ్డు మీద కూడా రాపిడి తింటూనే ఉంటుంది. మన నల్లమట్టి టైరు గాడుల్లో నిండితే నాలుగు చక్రాలు కాదు, పది ఉన్నా జారుతాయి. నాలుగూ లాగుతున్నాయన్న ధైర్యంతో స్పీడు పెంచకు, బ్రేకు దగ్గర అన్ని బండ్లూ ఒకటే.

బండి ఆగిపోయి లాక్కెళ్లాల్సి వస్తే నాలుగు చక్రాలూ పైకెక్కించే లారీనే పిలువు. ఓసారి నా దగ్గరికి వచ్చిన ఆల్‌వీల్ బండిని ముందు చక్రాలు మాత్రమే లేపి పాలకొల్లు నుంచి ఈడ్చుకొచ్చారు. వెనక చక్రాలు తిరుగుతూ, ముందువి ఆగిపోయి ఉంటే మధ్యలో క్లచ్ ఏమవుతుంది? వచ్చేసరికి మాడు వాసన. ఆ కుటుంబం పెట్టిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నా మాట అడిగితే జిమ్నీ. లాకు ఒక్కటే కాదు, దాని వెడల్పు 1,645 మిల్లీమీటర్లు, విటారా 1,795. గట్టు మీద ఎదురుగా మేత బస్తాల ఆటో వచ్చినప్పుడు జానెడు కూడా లేని ఆ తేడా విలువ తెలుస్తుంది. రోజూ హైవే మీద వంద కిలోమీటర్లు తిరిగి, గట్టు ఎక్కేది వారానికి ఒకసారే అయితే విటారాకి నేను అడ్డం చెప్పను. నెలలో ఎన్ని రోజులు బురదలో దిగుతావో నిజాయితీగా లెక్క రాసి పంపు. టెస్ట్ డ్రైవ్ వాన పడిన మర్నాడు పెట్టించుకో, నర్సాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి నేనూ వస్తాను. పుంత రోడ్డు మీద ఇద్దరం తోలి చూద్దాం.

మీ మావయ్య